బావి కడిగినవాడు

దేవనహళ్ళి కోటకు తూర్పున, ఎద్దులతో నీళ్లు తోడే కపిలలు ఇంకా ఆడుతున్న కాలంలో, ఒక మల్బరీ తోట ఉండేది. తోట మధ్యలో రాతి కట్టు బావి. ఆసామిది తెలుగిల్లు. తాతల నాడు హిందూపురం వైపు నుంచి వచ్చి అక్కడే పాతుకుపోయారు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఎద్దుల్ని అదిలించడానికి రెండూ కలిపి. బతుకంతా పట్టుపురుగుల మీదే. ఆకు బాగుంటే పురుగు బాగుంటుంది, పురుగు బాగుంటే గూడు గట్టిగా వస్తుంది, గూడు గట్టిగా ఉంటే శిడ్లఘట్ట సంతలో నాలుగు రూపాయలు ఎక్కువ పలుకుతుంది. ఆ ఆకుకు నీళ్లు ఈ బావివే. ఎంత ఎండాకాలమైనా బావి ఎండిన గుర్తు ఎవరికీ లేదు.

ఆ ఏడు మాఘంలో ఆసామి కూతురి పెళ్లి చేశాడు. పెళ్లికి ముందూ తర్వాతా ఇంటినిండా చుట్టాలే. పొద్దున ఒబ్బట్లు, మధ్యాహ్నం చిత్రాన్నం, పాయసం, సాయంత్రం బోండాలు, నడుమ ఎన్నిసార్లో లెక్కలేని కాఫీ. అర్ధరాత్రి దాకా కబుర్లు. చుట్టాలు బండ్లెక్కి వెళ్లిపోయేసరికి ఇంట్లో ఎవరి ఒళ్లూ వాళ్ల స్వాధీనంలో లేదు. ఆసామికి కడుపుబ్బరం. భార్యకు మోకాళ్లు పట్టేశాయి. కొడుకు బారెడు పొద్దెక్కినా లేవడు.

సరిగ్గా అప్పుడే దిగాడు బావులు కడిగేవాడు. భుజాన మోకు, చేతిలో తోలు బాన, వెనక ఇద్దరు కూలీలు. బావిలోకి తొంగి చూశాడు. దోసెడు నీళ్లు తీసి వాసన పట్టాడు. పెదవి విరిచాడు.

“ఈ బావి ఎప్పుడు కడిగించినారు సామీ?”

“కడిగేదేంది? ఊట తగ్గితే ఒడ్డోళ్లను పిలిచి పూడిక తీయిస్తాం. మా నాయన ఉన్నప్పుడు ఒకసారి తీసినారు.”

“అంటే ముప్పై ఏండ్ల విషం అడుగున చేరి ఉండాది. మీ ఒళ్లు బరువు ఊరికే వచ్చిందనుకుంటిరా?”

ఆసామి భార్య ముఖం చూశాడు. భార్య కొడుకు ముఖం చూసింది. బేరం కుదిరింది. కూలీ ఒక పల్లా రాగులు. బావి కడిగే ఏడు దినాలూ ఇంట్లో పొయ్యి మీద నూనె పెట్టకూడదు. బెల్లం, కాఫీ ముట్టకూడదు. అతను ఆకు వేసి కాచి ఇచ్చిన నీళ్లే తాగాలి. దీపం పెట్టగానే పడుకోవాలి.

“రెండోనాడు తల పగిలిపోతాది. భయపడొద్దండి. విషం బయటికి పోతా ఉండాదని దానర్థం,” అన్నాడు.

“నొయ్యకపోతే?” అని అడిగింది మూల కూర్చున్న అవ్వ, ఆసామి తల్లి.

“నొయ్యకపోతే అప్పటికే పోయిందని తల్లీ.”

అవ్వ వక్క కొరుకుతూ ఊరుకుంది.

రెండోనాడు అందరికీ తల నొప్పి వచ్చింది. ఇక నమ్మకం కుదిరింది. ఏడోనాటికి బావి అడుగు కనబడింది. నల్లటి బురద గంపలకొద్దీ పైకి వచ్చింది. బావులు కడిగేవాడు దాన్ని తోటలో పారబోయలేదు. దారి పక్కన చింతచెట్టు కింద, పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ కనబడేటట్టు కుప్ప పోయించాడు. అందులో పగిలిన చెంబు మూతి, ఎవరిదో గాజు ముక్క, చచ్చి ఎండిన కప్ప. కంపు వీధి మొగదాకా కొట్టింది. ఊరంతా వచ్చి ముక్కు మూసుకుని చూసింది.

“ఇదంతా తాగుతా ఉండిరి మీరు,” అన్నాడు వాడు.

ఆసామి కడుపుబ్బరం తగ్గింది. భార్య మెట్లెక్కి దిగుతోంది. కొడుకు కోడి కూయకముందే లేచి ఎద్దులకు మేత వేస్తున్నాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?

రచ్చకట్ట మీద వాదన మొదలైంది. కడిగించుకున్నవాళ్లంతా మంచిదే అన్నారు. పల్లా రాగులు కొలిచి ఇచ్చినవాడు మంచిది కాదని ఎట్లా అంటాడు? కడిగించుకోలేనివాళ్లలో సగం మంది అదంతా మోసమన్నారు. మిగతా సగం వచ్చే పంటకు కడిగిస్తామన్నారు. పటేలు మాత్రం, ఇది మన పెద్దలు చెప్పిందే, మనమే మరిచిపోయామన్నాడు. పెద్దల్లో ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు. పటేలుతో వాదన ఎందుకు?

పదిహేను దినాలయ్యాక అవ్వ బావులు కడిగేవాణ్ణి పిలిపించింది.

“ఏమప్పా, అదే బావిని ఇంకోసారి కడుగు. ఈసారి కూలీ నాది.”

వాడు అనుమానంగా చూశాడు గానీ రాగుల మూట చూసి బావిలోకి దిగాడు. మళ్లీ బురద వచ్చింది. మొదటిసారంత కాదు, కానీ అదే నలుపు, అదే కంపు. కుప్ప పోసి వాడే గొంతెత్తాడు.

“చూసినారా తల్లీ! పదైదు దినాల్లోనే ఎంత విషం చేరిందో! నెలనెలా కడగాల్సిందే.”

అవ్వ వక్క నమలడం ఆపింది. “సరే నాయనా, విషం మళ్లీ చేరిందంటావు. మరి మావాళ్ల ఒళ్లు మళ్లీ బరువెక్కలేదే. నా కొడుకు నిన్న కూడా మూడు మడులకు నీళ్లు పెట్టినాడు. బావిలో విషం లేనప్పుడూ తేలికే, ఉన్నప్పుడూ తేలికే. అట్లయితే ఆ తేలికకూ నీ బురదకూ చుట్టరికమేంది?”

వాడికి మాట రాలేదు. కానీ చుట్టూ నిలబడ్డవాళ్ల చెవిలో అవ్వ ప్రశ్న పడలేదు. “నెలనెలా” అన్న మాటే పడింది. ఆ సాయంత్రమే మరో పన్నెండు ఇళ్లవాళ్లు వాడికి మాటిచ్చారు.

చైత్రంలో ఆసామి మూడోసారి కడిగించాడు. అవ్వ వద్దంది. వినలేదు. అప్పుడు తట్టల్లో పురుగు నాలుగోసారి పొర విడిచి, నాలుగో జ్వరం లేచి ఉంది. జీవితం మొత్తంలో పురుగు అన్నిటికంటే ఎక్కువ ఆకు తినే వారం అదే. రాత్రంతా ఆకు కొరికే చప్పుడు వాన పడినట్టు వినిపిస్తుంది. అలాంటి వారంలో బావి ఖాళీ చేశారు. అదివరకు నీళ్ల బరువుకు ఒదిగి ఉన్న పక్కరాళ్లు, ఎండకు మట్టి పగిలి, ఒక రాత్రి జారాయి. ఉత్తరపు ఊట మీద గుండు పడింది. నీళ్లు రాలేదు. ఆకు వాడింది. తట్టల్లో పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఆడించాయి. ఆకలేస్తే అవి చేసేది అదొక్కటే. ఆ విడత గూళ్లు ఉల్లిపొర లాగా వచ్చాయి. శిడ్లఘట్టలో దళారి వేలితో నొక్కి చూసి పక్కన పెట్టేశాడు.

బావులు కడిగేవాడు అప్పటికే విజయపురం దారి పట్టాడు.

ఆసామి ఒడ్డోళ్లను పిలిచాడు. వాళ్లు వచ్చి ముందు అడిగింది ఒకటే. “నీళ్లు ఎప్పటినుంచి తగ్గినాయి, ఏ పక్క తగ్గినాయి?” ఒకడు దిగి గడ్డపారతో రాళ్లు తట్టి చూశాడు. గుండు ఎక్కడ పడిందో కనుక్కున్నాడు. దాన్నొక్కదాన్నే పైకి లాగారు. ఊట వదిలింది. ఒక దినం పని, ఒక దినం కూలీ. పోతూ పోతూ చింతచెట్టు కింది కుప్ప చూసి, “ఇంత మంచి ఎరువు దారిలో పోసుకున్నారేంది సామీ?” అన్నారు.

ఆసామి గంపలతో ఎత్తించి మల్బరీ మొదళ్లకు వేయించాడు. ఆ ఏటి వానలకు ఆకు అరచెయ్యంత వెడల్పు వచ్చింది.

*

నీతి: ఏ బావిని తోడినా బురద వస్తుంది. బురద రావడం విషానికి రుజువు కాదు.

ఇప్పుడు దేవనహళ్ళిలో కపిలలు లేవు. 2008 మేలో విమానాశ్రయం తెరిచాక మల్బరీ తోటలు చాలావరకు లేఅవుట్లయ్యాయి. వీకెండు రిసార్టులు వచ్చాయి. ఆదివారం నంది కొండ మీద సూర్యోదయం చూసి, దిగుతూ ఇడ్లీ, వడ, కేసరిబాత్ లాగించి, సోమవారం నుంచి మూడు రోజుల జ్యూసు ప్యాకేజీ మొదలుపెట్టేవాళ్లు మన తెలుగు కుటుంబాల్లో తక్కువేం లేరు. ఆకుపచ్చ సీసా పొద్దున, ఎర్ర సీసా మధ్యాహ్నం, నిమ్మరసం, మిరియం కలిపింది రాత్రి. అడిగితే చెప్పేది ఒకటే. “బాడీ క్లీన్ అవుతుంది.”

ఏ మురికి పోతుందని అడిగితే మాత్రం జవాబు రాదు. ఈ ప్రశ్న బ్రిటన్‌లో గట్టిగానే అడిగారు. సెన్స్ అబౌట్ సైన్స్ అనే సంస్థ తరఫున కొందరు యువ శాస్త్రవేత్తలు డీటాక్స్ పేరుతో అమ్ముతున్న 15 సరుకుల తయారీదారులను సంప్రదించారు. మీ సరుకు ఏ విషాన్ని తీస్తుంది, తీసిందని ఎట్లా తెలుసు అని అడిగారు. 2009లో బయటపెట్టిన ఫలితం ఏమిటంటే, డీటాక్స్ అంటే ఏమిటో చెప్పడంలోనే ఏ రెండు కంపెనీలకూ పొంతన లేదు. క్లైన్, కియాట్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. బజారులో అమ్మే డీటాక్స్ ఆహారాలను మనుషుల మీద సరైన పద్ధతిలో, లాటరీ వేసి రెండు జట్లుగా విడదీసి పరీక్షించిన దాఖలా ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. అంటే అవ్వ చేసిన పాటి పరీక్ష కూడా ఎవరూ చేయలేదన్నమాట.

చింతచెట్టు కింది కుప్పలు మాత్రం రకరకాలుగా వచ్చాయి. వాటిలో నాకు మహా ముచ్చటైనది లివర్ ఫ్లష్. ఆపిల్ రసం, తర్వాత ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే మర్నాడు దొడ్డికి వెళ్లినప్పుడు పచ్చటి గోళీలు పడతాయి. పిత్తాశయం రాళ్లు కరిగి పడిపోయాయని సంబరం. ఇలా పడిన గోళీలను ఒకావిడ జాగ్రత్తగా దాచి డాక్టర్ల దగ్గరకు తెచ్చింది. పరీక్ష చేస్తే వాటిలో కొలెస్టరాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు. ముప్పాతిక భాగం కొవ్వు ఆమ్లాలే. తాగిన నూనె, నిమ్మరసం కడుపులో కలిసి సబ్బు గోళీలయ్యాయి. అసలు రాళ్లు ఉన్నచోటే ఉన్నాయి. తర్వాత ఆపరేషన్ చేసి తీయాల్సి వచ్చింది. 2005లో లాన్సెట్ పత్రిక ఈ సంగతి అచ్చు వేసింది. పాదాలకు అంటించుకుని పడుకుంటే తెల్లారేసరికి నల్లబడే పట్టీలూ అలాంటివే. చెమట తగిలినా, ఉత్త నీళ్లు తగిలినా నల్లబడతాయి. వాటిని అమ్మినవాళ్ల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో కోర్టుకెళ్లింది. పేగు శుద్ధి పేరుతో ఇసబ్‌గోలు, బంకమట్టి మింగిస్తే తాడులాంటి పదార్థం పడుతుంది. ఏళ్లనాటి మురికి అంటారు. మింగిన ఇసబ్‌గోలు, బంకమట్టే పేగు ఆకారంలో గడ్డకట్టి బయటికి వస్తుంది.

పేగులో నిలవ ఉన్నది ఒంటికెక్కి విషమవుతుందన్న భయం కొత్తదేమీ కాదు. వందేళ్ల కిందట యూరప్‌లో పెద్ద పెద్ద డాక్టర్లే దీన్ని నమ్మారు. లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అనే సర్జన్ ఈ భయంతోనే రోగుల పెద్దపేగులు కోసి తీసేవాడు. 1919లో వాల్టర్ అల్వారెజ్ ఒక తమాషా సంగతి చూపించాడు. మలద్వారంలో ఉత్త దూది కూరినా మలబద్ధకంలో వచ్చే తలనొప్పి, మాంద్యం లాంటివి వస్తాయి, తీసేయగానే పోతాయి. దూదిలో విషమేముంది? పేగు సాగడం వల్ల వచ్చిన బాధ అది.

ఇంతకీ మన జనాభిప్రాయం ఏమిటి? మన ఇళ్లలో దీనికి మూడు తరాల పునాది ఉంది. నెలకోసారి పిల్లల ముక్కు మూసి ఆముదం తాగించిన నానమ్మలు ఉన్నారు. లంఖణం పరమౌషధం అన్న మాట చదువు రానివాళ్ల నోటా వినిపిస్తుంది. తర్వాత మంతెన సత్యనారాయణరాజు టీవీలో ఉప్పు, నూనె లేని వంటలు చెప్పారు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన కొబ్బరినూనె పద్ధతి మీద తెలుగు చానళ్లలో డాక్టర్లతో గంటలకొద్దీ వాదన నడిచింది. ప్రొద్దుటూరు నుంచి మైసూరు వెళ్లి స్థిరపడిన ఖాదర్ వలీ కొర్రలు, అండుకొర్రలు, ఆకు కషాయాలు అని తిరిగి చెప్పి 2023లో పద్మశ్రీ అందుకున్నారు. వీళ్లు ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లు చెప్పరు. ఒకరు నూనె మానమంటే ఒకరు నూనె తాగమంటారు. అయినా ప్రతి పద్ధతికీ “నాకు పని చేసింది” అనేవాళ్లు వేలమంది. వాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. ఆసామి ఇంట్లోవాళ్లూ అబద్ధమాడలేదు. ఒళ్లు నిజంగానే తేలికైంది. తేలిక నిజం, కారణం తప్పు. అందరూ మానేసినవి చూడండి. మైదా, చక్కెర, రాత్రి పదకొండుకు బిర్యానీ, మందు. ఇవి మానేస్తే ఏ రంగు సీసా తాగినా, తాగకపోయినా తేలిగ్గానే ఉంటుంది.

మూడు రోజుల్లో రెండు కిలోలు తగ్గానని మురిసిపోయేవాళ్లకు ఇంకొక లెక్క. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో పిండిపదార్థం నిలవ ఉంటుంది. ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు కరిగేది ఆ నిలవ. దానితో నీళ్లు పోతాయి, తూకం పడుతుంది. నాలుగు రోజులు మామూలుగా అన్నం తింటే తూకం తిరిగి వస్తుంది. రెండోనాటి తలనొప్పికి విషంతో పనిలేదు. రోజూ మూడు నాలుగు కాఫీలు తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వచ్చే తలనొప్పి అది.

నిజంగా ఒళ్లు కడిగే పని పగలూ రాత్రీ జరుగుతూనే ఉంది. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడకట్టి, అందులో లీటరున్నరో రెండు లీటర్లో బయటికి పంపి మిగతాదంతా తిరిగి రక్తంలో కలుపుతాయి. మాంసకృత్తులు అరిగినప్పుడు పుట్టే అమ్మోనియాను కాలేయం యూరియాగా మారుస్తుంది. ఈ రెండూ చెడిపోతే జ్యూసు సీసాలు ఆదుకోలేవు. డయాలసిస్ కావాలి, సీసం ఒంట్లో చేరితే దాన్ని పట్టి లాగే మందు కావాలి, తాగుడు మానేవాడికి ఆస్పత్రిలో పర్యవేక్షణ కావాలి. అదీ డీటాక్సే. కానీ అక్కడ ఏ విషం, ఎంత ఉంది, ఎంత తగ్గిందని కొలిచి చెబుతారు. ఒడ్డోళ్లు అడిగిన ప్రశ్న అక్కడా మొదటిదే.

ఊరికే పోయేదేముంది, రసమే కదా అనేవాళ్లున్నారు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త సొరకాయ రసం తాగి చనిపోయాడు. ఆ రసం చేదుగా ఉంది. చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి వేసిన నిపుణుల సంఘం, చేదుగా ఉంటే ఆ రసం తాగొద్దని స్పష్టంగా చెప్పింది. మన ఆడవాళ్లు దోసకాయ తరిగేటప్పుడు ఒక ముక్క నాలుక మీద వేసి చూస్తారు కదా, అది చాదస్తం కాదు. జ్యూసు తాగేవాడు మాత్రం చేదుగా ఉంటే మందే అనుకుని గుటకేస్తాడు. చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకుంటూ తిండి మానేసి రసాల మీద ఉండేవాళ్లకు రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరిగే ప్రమాదం ఉంది. మాత్ర తిండిని లెక్క వేసుకుని ఇచ్చింది మరి.

దేవనహళ్ళికి పేరు తెచ్చిన చకోత కాయకు భౌగోళిక గుర్తింపు ఉంది. మన పంపరపనస జాతిదే. బెంగుళూరు నుంచి హిందూపురం పోయేవాళ్లు దారిలో కొనుక్కెళ్తారు. తీపి, పులుపు కలిసిన దాని రసాన్ని కూడా ఇప్పుడు ఒంటి శుద్ధికి తాగమంటున్నారు. కాయకు వంక పెట్టాల్సిన పనిలేదు, తొనలు ఒలుచుకుని తినండి. కాకపోతే మనం మింగే చాలా మాత్రలను విరగ్గొట్టే ఒక ఎంజైము పేగు గోడలో ఉంటుంది. గ్రేప్‌ఫ్రూట్‌లో లాగే ఈ జాతి పండ్లలో ఉండే ఫ్యూరానోకూమరిన్లు దాని పనిని మందగింపజేస్తాయి. అప్పుడు మందు విరగక రక్తంలో మోతాదు పెరుగుతుంది. కొలెస్టరాల్‌కు సింవాస్టాటిన్, బీపీకి ఫెలోడిపిన్, కిడ్నీ మార్పిడి తర్వాత సైక్లోస్పోరిన్ వేసుకునేవాళ్లు చకోత రసం సీసా మూత తీసేముందు డాక్టర్ని ఒక్క మాట అడగాలి.